వంతెన వాళ్లది, టోలు మనది

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతూ ఖమ్మంలో బస్సు దిగి ఒక కంప్యూటర్ షాపుకెళ్లా. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో ఇంకో 8 జీబీ స్టిక్ వేద్దామని వేసవి నుంచీ అనుకుంటున్నా. అప్పుడే ఇదే షాపులో ధర కనుక్కుని, టెన్త్ పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఆ డబ్బులు పోగేసుకున్నా. తీరా వెళ్లి అడిగితే షాపాయన సిస్టంలో చూసి చెప్పిన ధర వేసవి ధరకి దాదాపు మూడింతలు. తప్పు విన్నానేమో అని మళ్లీ అడిగా.

"అదే స్టిక్ కదన్నా?"

"అదే స్టిక్ తమ్ముడూ. నేనేం పెంచలేదు, పైనుంచే ఇట్ల వస్తుంది. వచ్చే వారం ఎంతుంటదో నాకే తెల్వదు. ఏఐ అంట, సరుకంతా అటే పోతుందంట."

కొనకుండానే భద్రాచలం బస్సెక్కా. ఆ ప్రయాణంలో మొదలైన ఆలోచనే ఈ వ్యాసం. నేను చెప్పాలనుకున్నది సూటిగా ముందే చెప్పేస్తా. వేగంగా పనిచేసే కొత్త మెమరీ ఏదొచ్చినా, అది బతకాలో పోవాలో ఒకప్పుడు మనలాంటి మామూలు కొనుగోలుదారులు తేల్చేవాళ్లు. ఇప్పుడు ఆ మాట మన చేతిలోంచి పోయింది. ధర దిగేదాకా కూర్చుంటే మన నాలుగేళ్ల చదువు అయిపోతుంది. కాబట్టి ఉన్న మెమరీతోనే పని నడిపించే విద్య మనం నేర్చుకోవాలి. అందులో సాహిత్యం క్లబ్ వాళ్లం చేయగలిగిన పని కూడా ఒకటుంది.

సారపాక దగ్గర ఆగిన లారీ

మెమరీ గొడవ ఏంటో అర్థం కావాలంటే సారపాకలో బస్సు కిటికీలోంచి చూస్తే చాలు. ఇవతల సారపాక, అవతల భద్రాచలం, మధ్యలో గోదావరి. 1965 నుంచి మొన్నమొన్నటి దాకా దాటడానికి ఒక్కటే వంతెన. ఈ మధ్యే పక్కన రెండోది వచ్చింది. శ్రీరామనవమికి వెళ్లినవాళ్లకి తెలుసు, అవతల ఎంతమంది వంటవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడ్డా, బియ్యం లారీ ఇవతలే ఆగిపోతే పొయ్యి మీద ఎసరు మరుగుతూనే ఉంటుంది. 2022 జూలై వరదలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. గోదాంలో సరుకున్నా దాటే దారి లేదు.

కంప్యూటర్‌లో ప్రాసెసర్ వంటవాడు. మెమరీ బియ్యం గోదాం. రెండింటి మధ్య ఉండే తీగలే వంతెన. వంటవాళ్ల చేతివేగం ఏటేటా పెరిగినంతగా వంతెన వెడల్పు పెరగలేదు. 1995లో విలియం వుల్ఫ్, శాలీ మెకీ అనే ఇద్దరు ఒక చిన్న పేపర్ రాసి దీనికి 'మెమరీ వాల్' అని పేరు పెట్టారు. ప్రాసెసర్ ఎంత వేగమైనా, డేటా కోసం ఎదురుచూస్తూ గోడ దగ్గర ఆగిపోతుందని దాని సారాంశం.

ఈ గోడను దాటడానికి వచ్చిన దారుల్లో ఇప్పుడు గెలిచింది హెచ్‌బీఎం, అంటే హై బ్యాండ్‌విడ్త్ మెమరీ. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మన ల్యాప్‌టాపుల్లో ఉండే డీడీఆర్4 స్టిక్‌కి 64 డేటా తీగలు. 3200 రకం అయితే ఒక్కో తీగ మీద సెకనుకు 3.2 గిగాబిట్లు పోతాయి. మొత్తం 25.6 గిగాబైట్లు. మొదటి తరం హెచ్‌బీఎంలో ఒక్కో తీగ వేగం 1 గిగాబిట్ మాత్రమే. అంటే మన స్టిక్ కన్నా నిదానం! కానీ తీగలు 1024. లెక్క వేస్తే 128 గిగాబైట్లు వస్తుంది. బండ్లు మెల్లగానే పోతాయి, వంతెన మాత్రం 1024 వరసల వెడల్పు.

అంత వెడల్పు వంతెన మామూలు మదర్‌బోర్డు మీద వేయడం కుదరదు, అన్ని తీగలకు అక్కడ చోటు లేదు. అందుకని మెమరీ చిప్పులను హాస్టల్ అంతస్తుల్లా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. లిఫ్ట్ గుంతల్లాగా వాటి గుండా సన్నటి రంధ్రాలు చేసి రాగి నింపుతారు. ఆ మేడను తెచ్చి ప్రాసెసర్ పక్కనే, ఒకే సిలికాన్ పలక మీద పెడతారు. గోదాంని ఏరు దాటించి వంటింటి గోడకి ఆనించి కట్టినట్టు. పని కష్టం, ఖర్చు ఎక్కువ. మేడలో ఒక్క అంతస్తు చెడిపోయినా మొత్తం మేడ పనికిరాకుండా పోవచ్చు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, ధర దగ్గర మళ్లీ వస్తుంది.

మనం కాదంటే పోయిన మెమరీ

ఇప్పుడు పాతికేళ్లు వెనక్కి వెళ్దాం. అప్పుడు రాంబస్ అనే కంపెనీది ఆర్‌డీర్యామ్ అని ఒక వేగమైన మెమరీ ఉండేది. దీని పద్ధతి హెచ్‌బీఎంకి పూర్తిగా తిరకాసు. తీగలు 16 మాత్రమే, కానీ వాటి మీద బండ్లు దూసుకుపోతాయి. సన్న వంతెన, స్పీడు బండ్లు. అప్పటి మామూలు పీసీ133 మెమరీ సెకనుకు 1 గిగాబైట్ చిల్లర ఇస్తే, ఇది 1.6 ఇచ్చేది.

ఇంటెల్ అంతటి కంపెనీ దీని వెనక నిలబడింది. 1999లో దీనికోసమే 820 చిప్‌సెట్ తెచ్చింది. 2000 నవంబరులో పెంటియం 4 వచ్చినప్పుడు దానితో వాడాల్సిన మెమరీ ఇదొక్కటే. కొన్నాళ్లు పెంటియం 4 డబ్బాలోనే ఈ స్టిక్కులు కలిపి కూడా అమ్మారు. ఇంతా చేస్తే జనం కొనలేదు. మామూలు మెమరీ కన్నా చాలా ఖరీదు, ఇంట్లో పనులకి కనిపించే లాభం తక్కువ. మెమరీ తయారుచేసేవాళ్లకి రాంబస్‌కి రాయల్టీ కట్టడం ఇష్టం లేదు. అందరూ కలిసి జెడెక్ అనే ప్రమాణాల సంస్థలో తేల్చుకున్న డీడీఆర్ మెమరీ చవగ్గా వచ్చేసింది. చివరికి 2001లో ఇంటెలే దిగొచ్చి పెంటియం 4కి మామూలు మెమరీతో నడిచే 845 చిప్‌సెట్ తెచ్చింది, ఆ వెంటే డీడీఆర్ కూడా. మనం ఇప్పటికీ వాడుతున్నది ఆ డీడీఆర్ వంశమే.

ఈ కథలో నాకు కనిపించేది షాపు కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి. "ఇంత పెట్టలేనన్నా, ఆ చవకది ఇవ్వు" అన్న మాట లక్షల కౌంటర్ల దగ్గర వినబడితే ఇంటెల్ అయినా వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

హెచ్‌బీఎం కూడా మొదట్లో ఇదే దారిలో పోయేలా కనిపించింది. 2013లో ఎస్‌కే హైనిక్స్ మొదటి చిప్పు చేసింది, అదే ఏడాది జెడెక్ ప్రమాణం వచ్చింది. 2015 జూన్‌లో ఏఎండీ దీన్ని గేములు ఆడేవాళ్ల గ్రాఫిక్స్ కార్డులో పెట్టింది. పేరు ఫ్యూరీ ఎక్స్. నాలుగు మేడలు కలిపి సెకనుకు 512 గిగాబైట్లు, కానీ మొత్తం మెమరీ 4 జీబీయే. తర్వాత 2017లో వేగా కార్డుల్లోనూ వాడింది. ఆ పైన గేమింగ్ కార్డులకి ఏఎండీ కూడా చవకైన జీడీడీఆర్‌కే వెళ్లిపోయింది. కౌంటర్ దగ్గరి మనిషి ఇక్కడ కూడా ఒప్పుకోలేదు.

అయినా హెచ్‌బీఎం చావలేదు. ఎందుకంటే దానికి వేరే కొనేవాడు దొరికాడు. ఎన్‌విడియా 2016లో పీ100 అనే డేటా సెంటర్ కార్డులో దీన్ని పెట్టింది. తర్వాత వీ100, ఏ100, హెచ్100. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక గిరాకీ కట్టలు తెంచుకుంది. 2024 మార్చికే మైక్రాన్ ఆ ఏడాది హెచ్‌బీఎం అంతా అమ్ముడైపోయిందని, 2025ది కూడా చాలావరకు బుక్ అయిందని చెప్పేసింది. 2025 ఏప్రిల్‌లో జెడెక్ హెచ్‌బీఎం4 ప్రమాణం విడుదల చేసింది. ఇప్పుడు తీగలు 2048, ఒక్కో మేడకి సెకనుకు 2 టెరాబైట్ల దాకా.

డేటా సెంటర్లు కట్టేవాళ్లు మనలా "చవకది ఇవ్వన్నా" అనరు. ఎంతైనా సరే, మాకే ముందు ఇవ్వమంటారు.

మన స్టిక్ మీద పడ్డ దెబ్బ

"వాళ్లు ఎక్కువ పెట్టి కొనుక్కుంటే నీకేంటి నొప్పి? నువ్వు కొనేది డీడీఆర్ కదా" అని మా రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్నే. జవాబు ఏంటంటే, రెండూ ఒకే పొలంలో పండుతాయి. డీర్యామ్ చేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో మూడే: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. అవే ఫ్యాక్టరీలు, అవే సిలికాన్ వేఫర్లు. ఒకే సామర్థ్యం ఉన్న మెమరీకి డీడీఆర్5తో పోలిస్తే హెచ్‌బీఎం సుమారు మూడు రెట్ల వేఫర్ మింగుతుందని మైక్రానే చెప్పింది. మేడ కట్టే కష్టం, మధ్యలో చెడిపోయేవి, అన్నీ ఆ లెక్కలోవే. అంటే డేటా సెంటర్‌కి వెళ్లే ప్రతి 1 జీబీ హెచ్‌బీఎం, మనకు రావాల్సిన సుమారు 3 జీబీల చోటు తీసుకుంటుంది.

మా వైపు రైతులకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మిర్చి రేటు బాగుందని ఊరంతా మిర్చే వేస్తే ఆ ఏడు కూరగాయల ధర ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు.

2025 డిసెంబరులో మైక్రాన్ ఇంకో అడుగు ముందుకేసింది. మన సీనియర్లు ఎంతోమంది కొనుక్కున్న క్రూషియల్ బ్రాండ్ స్టిక్కులూ, ఎస్ఎస్‌డీలూ మామూలు వినియోగదారులకి అమ్మడం ఆపేస్తామని ప్రకటించింది. ఉన్న సరుకంతా పెద్ద కొనుగోలుదారులకే. వ్యాపారం లెక్కలో అది తప్పని నేననను. కానీ కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి లెక్కలోంచి ఎలా జారిపోయాడో దీనికన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

అమ్మ రిజిస్టరు

మా ఊరు దుమ్ముగూడెం మండలంలో అడవి అంచున ఉంటుంది. అమ్మ అంగన్‌వాడీ టీచర్. పిల్లల బరువులు, ఎత్తులు, ఎవరికి గుడ్డు ఇచ్చారు, ఏ గర్భిణి ఏ నెలలో ఉంది, అన్నీ రాయాలి. కొంతమంది తల్లులు కోయలో చెబుతారు, అమ్మ తెలుగులో రాసుకుంటుంది, తర్వాత గళ్లలోకి ఎక్కిస్తుంది. రాత్రి తొమ్మిదైనా దీపం కింద అదే పని. నా మినీ ప్రాజెక్టు ఇక్కడే పుట్టింది. అమ్మ మామూలు తెలుగులో రాసిన నోట్సుని ఒక చిన్న భాషా మోడల్ గళ్లలోకి సర్దిపెట్టాలి. మా ఇంట్లో సిగ్నల్ రావాలంటే ఫోన్ పట్టుకుని చింతచెట్టు దాకా నడవాలి. కాబట్టి ఇంటర్నెట్ లేకుండా ల్యాప్‌టాప్‌లోనే నడవాలి.

లెక్క ఇలా ఉంది. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకి కుదిస్తే దాదాపు 4 జీబీ. అది ఒక్కో టోకెన్ రాయడానికి ఆ 4 జీబీ మొత్తాన్ని మెమరీలోంచి ఒకసారి చదవాలి. నా వంతెన సెకనుకు 25.6 జీబీ. అంటే ఎంత బాగా రాసినా సెకనుకు ఆరు టోకెన్లు దాటదు. హెచ్100 కార్డులో ఇదే వంతెన సెకనుకు 3.35 టెరాబైట్లు, నాదానికి 130 రెట్లు.

ఇక్కడ తెలుగువాళ్లకి ఇంకో దెబ్బ ఉంది. చాలా మోడళ్లు ఎక్కువగా ఇంగ్లిష్ మీద తయారైనవి. ఇంగ్లిష్ మాట చాలాసార్లు ఒక్క టోకెనే అవుతుంది. తెలుగు మాటను మాత్రం అక్షరాలుగా, కొన్నిసార్లు అంతకన్నా చిన్న ముక్కలుగా నరికేస్తాయి. నేను వాడిన మోడల్లో ఒక్కో తెలుగు మాట నాలుగైదు ముక్కలయింది, 'ఇచ్చేశామండీ' లాంటివైతే ఇంకా ఎక్కువ. ఆరు టోకెన్లంటే సెకనుకు ఒక మాట చిల్లర. అదే వంతెన మీద ఇంగ్లిష్ నాలుగు మాటలు దాటుతుంది. బండి అదే, వంతెన అదే, తెలుగుకి మాత్రం బియ్యం గింజ గింజగా మోయాల్సి వస్తోంది. పైగా 8 జీబీలో సగం ఆపరేటింగ్ సిస్టమే తినేస్తే, మోడల్ ఎక్కగానే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతుంది. అమ్మ పక్కన కూర్చుని చూసి, "నేను రాసుకుంటాలే నాన్నా, నువ్వు పడుకో" అంది. ఖమ్మం షాపులో విన్న ధర కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఎదురు వాదనలు

ఇది రాసే ముందు ఫ్రెండ్స్‌తో గట్టిగానే వాదించుకున్నా. వాళ్లు చెప్పినవి కొట్టిపారేసేవి కావు.

మొదటిది: మెమరీ ధరలు ఎప్పుడూ ఎక్కి దిగేవే. నిజం. 2023లో సరుకు ఎక్కువై ఇవే కంపెనీలు నష్టాలు చూశాయి. మళ్లీ దిగొచ్చు. కానీ ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉన్నవాడికి, ధర దిగేసరికి ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ రెండూ దాటిపోతాయి.

రెండోది: పెద్ద మోడళ్లు ఫోన్లో ఉచితంగా దొరుకుతుంటే నీ ల్యాప్‌టాప్‌తో ఎందుకీ తిప్పలు? సిగ్నల్ ఉన్నవాళ్లకి ఆ మాట చెల్లుతుంది. చింతచెట్టు దాకా నడిచేవాళ్లకి చెల్లదు. పైగా ఊళ్లో గర్భిణుల వివరాలు ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపడం నాకు సరిగా అనిపించలేదు.

మూడోది: ఈ గిరాకీ వల్లే కదా మనకి ఉద్యోగాలు. అదీ నిజమే. మైక్రాన్, ఏఎండీ, ఎన్‌విడియా మూడింటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. హెచ్‌బీఎం చదివినవాడికి అక్కడ దారి ఉంది. అందుకే నేను హెచ్‌బీఎం వద్దనడం లేదు. అది అద్భుతమైన ఇంజినీరింగ్. వంతెన కట్టే ఉద్యోగం మనకి రావాలనే కోరుకుంటా. కానీ ఆ వంతెనకి టోలు కడుతున్న ఊళ్లలోంచే మనం వచ్చామని మర్చిపోతే ఎలా?

మన చేతిలో ఉన్నవి

కొనకుండా ఉండి కంపెనీలను దించే రోజు పోయింది. మన చేతిలో మిగిలినవి మూడు ఉన్నాయని నా అభిప్రాయం.

ఒకటి, ర్యామ్ బ్యాంక్. ప్రతి ఏడాది ల్యాబుల్లో పాత సిస్టంలు పక్కన పడేస్తారు. సీనియర్లు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని పాతది హాస్టల్ అటక మీద పెట్టేస్తారు. వాటిలో డీడీఆర్3, డీడీఆర్4 స్టిక్కులు బతికే ఉంటాయి. ఒక డబ్బా, ఒక రిజిస్టరు ఉంటే చాలు, అవసరమైనవాళ్లకి సెమిస్టర్‌కి అప్పు ఇవ్వొచ్చు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. చాలా ల్యాప్‌టాపులు ఒక్క స్టిక్‌తోనే అమ్ముతారు. రెండు స్లాట్లు ఉన్నచోట రెండోది కూడా జతగా వేస్తే డ్యూయల్ చానల్ అవుతుంది, అంటే వంతెన వెడల్పు రెట్టింపు. సారపాకలో రెండో వంతెన కట్టినట్టే.

రెండు, ప్రాజెక్టు రిపోర్టులో మెమరీ లెక్క. ఇప్పుడు మనం యాక్యురసీ రాస్తాం, స్క్రీన్‌షాట్లు పెడతాం. ప్రోగ్రాం గరిష్ఠంగా ఎంత మెమరీ తిన్నదో ఎవరూ అడగరు. ఆ ఒక్క వరస తప్పనిసరి చేసి, తక్కువలో చేసినవాళ్లకి రెండు మార్కులు ఎక్కువ వేయమని మన సార్లను అడుగుదాం. 64 జీబీ ఉన్న చోట ఎవరైనా నడిపిస్తారు. 8 జీబీలో నడిపించినవాడికి పని ఎక్కువ తెలుసు.

మూడు, మన క్లబ్ పని. తెలుగు మాటను ఎక్కడ విరవాలో యంత్రానికి తెలియకపోవడం వల్లే సగం భారం. 'ఇచ్చేశామండీ'ని అక్షరాలుగా కాకుండా 'ఇచ్చే', 'శాం', 'అండీ' అన్నట్టు విరిచే పదపట్టిక ఉంటే టోకెన్లు తగ్గుతాయి, అదే పాత స్టిక్ మీద తెలుగు వేగంగా నడుస్తుంది. పట్టిక మారిస్తే మోడల్‌కి మళ్లీ కొంత శిక్షణ ఇవ్వాలి, ఆ పని సీఎస్‌ఈ వాళ్లది. కానీ పట్టికకి కావాల్సిన మంచి తెలుగు ఎక్కడుంది? పుస్తకాల తెలుగే కాదు, మా అమ్మ రిజిస్టర్ పక్కన రాసుకునే తెలుగు, భద్రాచలం బస్టాండ్ తెలుగు, దుమ్ముగూడెం సంతలో వినపడే తెలుగు. దాన్ని సేకరించి, శుభ్రం చేసి, విభక్తులూ ప్రత్యయాలూ గుర్తుపట్టగలిగేవాళ్లు ఈ కాలేజీలో ఎక్కడన్నా ఉన్నారంటే ఈ క్లబ్‌లోనే. సంధులు చదివి ఏం లాభం అని మనల్ని ఆటపట్టించేవాళ్లకి ఇదే జవాబు అవుతుంది.

ఈ మూడూ చేస్తే మైక్రాన్‌కి ఏమీ కాదు, ఎన్‌విడియాకి తెలియను కూడా తెలియదు. మా అమ్మ రిజిస్టరు మాత్రం రాత్రి తొమ్మిది బదులు ఎనిమిదికి పూర్తవ్వచ్చు. నాకు ప్రస్తుతానికి అది చాలు.

ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికకి రాయండి, జవాబిస్తా. ఒప్పుకున్నవాళ్లు శనివారం క్లాసులయ్యాక క్లబ్ రూముకి రండి, అటక మీది స్టిక్కులు పట్టుకుని. నా దగ్గర 4 జీబీ డీడీఆర్3 ఒకటుంది, మా అన్న పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసింది. రిజిస్టర్‌లో మొదటి వరస దానిదే.